గ్రీకు సామెతల నోట్‌బుక్, నాలుగో నెల: ముల్లుగర్ర దగ్గర ఆగిపోయా

నాలుగో నెల అయిపోయింది, నోట్‌బుక్‌లో ఇప్పటికి 31 సామెతలు ఎక్కాయి. నెలకి 10 అనుకున్నా గానీ ఈసారి 4 మాత్రమే అయ్యాయి, ఒక్క మాట దగ్గరే రెండు వారాలు ఉండిపోయా, అది కింద చెప్తా.

పద్ధతి అదే. పొద్దున్నే టీతో పాటు 20 నిమిషాలు, ఎడమ పేజీలో గ్రీకు అక్షరాలు, కుడి పేజీలో తెలుగులో ఉచ్చారణ, కింద పదానికి పదం అర్థం. ఇంగ్లీష్ స్పెల్లింగ్‌లో రాసుకోవడం మొదటి నెల్లోనే మానేశా. పాత గ్రీకులో ఎ వేరు ఏ వేరు, ఒ వేరు ఓ వేరు, ఇంగ్లీష్‌లో రాస్తే ఆ తేడా పోతుంది, మన లిపిలో అచ్చంగా సరిపోతుంది. అక్షరాల్లో థీటాకి థ, ఖీకి ఖ, ఇంక ఫీ అంటే పాత ఏథెన్స్ వాళ్ళ నోట్లో ఇంగ్లీష్ ఎఫ్ కాదు, ప కి ఒత్తు పెట్టి పలికే అసలు ఫ. ఒక్క ఉప్సిలాన్‌కే మన దగ్గర అక్షరం లేదు, పెదాలు ఉ కి పెట్టి ఇ అనాలి.

మొదలుపెట్టేవాళ్ళకి ఒక మాట, ఇంగ్లీష్ వి లా కనపడేది న, పి లా ఉండేది ర, ఎన్ లా ఉండేది ఏ. నేను నొమొస్ (చట్టం) ని మూడు రోజులు వొమొస్ అని చదివా. అందుకే ఇప్పటికీ ఒక్కోటి 10 సార్లు చేత్తో రాస్తా.

ఇక ఆ మాట. ప్రొస్ కెంత్ర మే లక్తిజ్దె. ముల్లుగర్రని ఎదురు తన్నకు అని. తన్నిన ఎద్దుకే ఇంకా లోతుగా దిగుతుంది కదా. క్రీ.పూ. 458లో ఆడిన ఈస్కిలస్ నాటకం అగమెమ్నాన్‌లో ఉంది ఇది. కెంత్రొన్ అర్థం చూద్దామని షికాగో యూనివర్సిటీ వాళ్ళ ఫ్రీ డిక్షనరీ లోగేయన్ తెరిస్తే, పొడిచే మొన, ముల్లుగర్ర, ఆ తర్వాత వృత్తం గీసేటప్పుడు కదలకుండా గుచ్చి ఉంచే మొన, అక్కణ్ణుంచి వృత్తం మధ్య బిందువు, జ్యామితి రాసిన యూక్లిడ్ వాడింది ఆ అర్థంలోనే. ఆ మాటే గ్రీకు జ్యోతిషంతో పాటు మన దేశానికొచ్చి సంస్కృతంలో కేంద్రం అయింది, వరాహమిహిరుడి బృహజ్జాతకంలో కూడా కనిపిస్తుంది. అంటే రోజూ పేపర్లో చదివే కేంద్ర ప్రభుత్వంలో ఒక ముల్లుగర్ర ఉంది! హోర కూడా ఇలాగే వచ్చింది, గ్రీకులో హోరా, అంటే సమయం, గంట.

మా తాతయ్య ముల్లుగర్ర ఒకటి ఇప్పటికీ ఊళ్ళో పశువుల కొట్టం చూరులో దోపి ఉంది, సన్న వెదురు కర్ర, చివర అరంగుళం ఇనుప మేకు, పట్టుకునే చోట నున్నగా అరిగిపోయింది. మొన్న వెళ్ళినప్పుడు తీసి చేత్తో పట్టుకుని ఆ నాలుగు మాటలు పైకి చదివా, అమ్మ వింటూ "మునికోలలకు ఎదురు తన్నుట అని బైబిల్లో ఉంటుంది, అదేనా?" అంది. అదే, మునికోల అంటే ముల్లుగర్రే. అపొస్తలుల కార్యములు 26:14, అక్కడా గ్రీకులో కెంత్రనే. ఆ ఒక్క ప్రశ్నకి నెలంతా పడ్డ శ్రమ మర్చిపోయా.

మిగతా మూడూ తొందరగానే అయ్యాయి. డెల్ఫీలో అపోలో గుడి మీద చెక్కిన మేదెన్ అగాన్, ఏదీ అతి వద్దు అని, రెండే మాటలు, మన అతి సర్వత్ర వర్జయేత్ పక్కనే రాసుకున్నా. స్పెవుదె బ్రదెఓస్ (నిదానంగా తొందరపడు), గ్లౌక్ ఎయిస్ అథేనాస్ (ఏథెన్స్‌కి గుడ్లగూబలు మోసుకెళ్ళడం, అంటే బోలెడు ఉన్నచోటికే మళ్ళీ తీసుకెళ్ళడం, అక్కడి నాణేల మీదే గుడ్లగూబ బొమ్మ ఉండేది).

వచ్చే నెల 6 చాలు. కొత్త నోట్‌బుక్ తెచ్చా, ఈసారి రూళ్ళు లేనిది, ఎడమ పేజీలో బొమ్మలు కూడా వేద్దామని. మొదటి పేజీలో ముల్లుగర్ర వేసేశా.