బావ రీలు, తప్పు మర

బావ చేపల గాలం రీలు సైడు ప్లేటుకి ఎవరో ఎం3, అంటే మెట్రిక్ కొలత స్క్రూలు ఎక్కించారు. సర్వీసుకి ఇచ్చిన చోటే జరిగిందిది, మధ్యలో ఇంకెవరూ దాన్ని విప్పలేదు. ఆ రీలు పాత అమెరికా తయారీ, మరలు ఇంచీ లెక్కలో 4-40. అంటే స్క్రూ మందం 2.84 మిల్లీమీటర్లు, అంగుళానికి 40 మరలు. ఎం3 మందం 3 మిల్లీమీటర్లు. అరచేతిలో పక్కపక్కన పెడితే రెండూ ఒకటే అనిపిస్తాయి. మొదటి చుట్టు, చుట్టున్నర బాగానే దిగుతుంది కూడా. అసలు తేడా మరకీ మరకీ మధ్య దూరంలో ఉంది: ఎం3లో 0.5 మిల్లీమీటరు, 4-40లో 0.635. నాలుగు చుట్లు తిరిగేసరికి అర మిల్లీమీటరు దాటిపోతుంది. అంటే ఒక మర మొత్తం తప్పినట్టే.

బిగుసుకున్న చోట ఆగాలి. ఆగకుండా డ్రైవర్ మీద భుజం మోపి తిప్పితే స్టీలు గెలుస్తుంది, మెత్తటి అల్యూమినియం కోసుకుపోతుంది. పైకి పట్టినట్టే ఉంటుంది. పెద్ద పార చేప ఒకటి లాగి ఫ్రేము మెలిపడితే చాలు, మిగిలిన ఆ సన్నటి మర కాస్తా ఊడొస్తుంది. ఊడొచ్చింది.

నాకు కోపం ఇందుకు కాదు. బావ వెళ్లి అడిగితే "పాతదైపోయిందండీ, ఉప్పునీళ్లకి అల్యూమినియం తినేసింది" అన్నారట. ఉప్పు తిన్న మర ఇలా ఉండదు! స్టెయిన్‌లెస్ స్క్రూ, అల్యూమినియం ఫ్రేము, మధ్యలో సముద్రపు నీళ్లు చేరితే కరిగేది అల్యూమినియమే, నిజం. కానీ అలా కరిగినప్పుడు తెల్లటి పొడి పుడుతుంది, అది అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, స్క్రూని పట్టేస్తుంది. ఉప్పు తిన్న స్క్రూ రానని మొండికేస్తుంది, వచ్చినా తెల్ల పొడితో వస్తుంది. ఇక్కడేమో స్క్రూ వేలిగోటితో వచ్చేసింది. ఫ్రేముని బోర్లించి తెల్ల కాగితం మీద తడితే రాలినవి మెరిసే సన్న ఈకలు. కోసిన లోహం అది, తిన్నది కాదు. మరల దూరం కొలిచే పిచ్ గేజ్‌లో 40 అంకె ఉన్న ఆకుని పాత స్క్రూకి ఆనించి లైటు వైపు పట్టుకుంటే సందులో వెలుతురు కనపడదు, 0.5 ఆకు పెడితే కనిపిస్తుంది. అర నిమిషం పని. డబ్బు తీసుకుని రీలు విప్పేవాళ్లు ఆ అర నిమిషం పెట్టకపోతే ఎలా?

నిజంగా ఉప్పు పట్టింది రీలు పాదం, అంటే గాలం కర్రకి పట్టే భాగం దగ్గరి స్క్రూ ఒక్కటే. దాని తలకి సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి వేడెక్కనిచ్చి, నూనె వేసి, చల్లారాక మళ్లీ వేడి చేస్తే కదిలింది. ఒకే వేడికి అల్యూమినియం స్టెయిన్‌లెస్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి మధ్యలో పట్టు వదులుతుంది. తల అరగకుండా, గాడికి నిండుగా పట్టే వెడల్పు డ్రైవరే వాడాలి. దాని సంగతి అంతే.

సైడు ప్లేటుకి మొదట అనుకున్నది అన్నిటికీ ఎం3 హెలికాయిలే (పాడైన బెజ్జంలో కొత్త మరగా కూర్చోబెట్టే తీగ చుట్ట) వేసేద్దామని. కిట్టూ స్క్రూలూ ఇక్కడే దొరుకుతాయి. కానీ ప్లేటులో స్క్రూ తల మునిగే గుంట ఇంచీ కొలత, 82 డిగ్రీలు. ఎం3 కౌంటర్‌సంక్ తల 90 డిగ్రీలు, గుంటలో పై అంచుకి మాత్రమే ఆనుతుంది. ఆ సన్న అంచు మీద ఎంత బిగించినా కొన్నాళ్లకి వదులే. అందుకని 4-40 కిట్టే తెప్పించాను. డ్రిల్లు 3.05 మిల్లీమీటర్లు, ఎం3 చేసిన గాయం 3 మిల్లీమీటర్లే కాబట్టి అదంతా దాంతోనే పోతుంది. తర్వాత కిట్‌లోని ప్రత్యేక ట్యాపు, అంటే బెజ్జంలో మర కోసే పనిముట్టు. మామూలు 4-40 ట్యాపు దీనికి పనికిరాదు, తీగ చుట్ట కూర్చోవడానికి పెద్ద మర కావాలి.

ట్యాపు పట్టుకున్నప్పుడల్లా ఆటోనగర్ లేత్ షాపు పెద్దాయనే గుర్తొస్తాడు. అల్యూమినియానికి కిరోసిన్ తప్ప ఇంకేదీ వాడేవాడు కాదు, పాత ఇంజెక్షన్ సీసాలో పోసి పెట్టుకునేవాడు. చిన్న ట్యాపుని చేతిపిడికి ఎప్పుడూ తగిలించడు. డ్రిల్లింగ్ మెషీన్ చక్‌లో బిగించి, మోటారు స్విచ్ తీసేసి, చక్‌ని చేత్తో తిప్పేవాడు. అలా అయితే ట్యాపు వంకర పోయే దారే లేదు. అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. వెనక్కి తిప్పితేనే ఈక తెగుతుంది, లేకపోతే ట్యాపు గాడిలో ఇరుక్కుని కొత్త మరని చింపేస్తుంది. "చెయ్యి కాదురా, చెవి పెట్టు" అనేవాడు. కిర్రుమంటే మొత్తం బయటికి తీసి, బ్రష్షుతో తుడిచి, మళ్లీ కిరోసిన్. పక్కన కస్టమర్ నిలబడి ఎంత తొందరపెట్టినా ఆ చెయ్యి వేగం మారేది కాదు. రేడియో మాత్రం కట్టేయించేవాడు. శబ్దం వినపడాలి కదా మరి.

తీగ చుట్టని పై అంచు నుంచి పావు, అరచుట్టు లోపలికి దించి, అడుగున అడ్డంగా ఉండే తోకని మొండి పిన్నుతో ఒక్క పోటు పొడిచి విరిచేశాను. విరిగిన ముక్కని పట్టకారుతో తీసేయాలి, లోపల వదిలితే గేర్లలోకి పోతుంది. పాత 4-40 స్క్రూ రెండు వేళ్లతో చివరిదాకా దిగింది. హాయిగా అనిపించింది.

ఇక హ్యాండిల్ పక్క మూల. ఆరల్‌డైట్‌తో, అంటే ఎపాక్సీ జిగురుతో మర పోయడమంటే నాకు మొదటినుంచీ పడదు, ఇంతకు ముందు ఇక్కడ ఘాటుగానే రాశాను. అది మొత్తంగా సరైన మాట కాదని ఇవాళ కాలిపర్ పెట్టాక అనిపిస్తోంది. ఆ మూల బొడిపె వెడల్పు 5 మిల్లీమీటర్లు. హెలికాయిల్‌కి దాదాపు 3.7 బెజ్జం కావాలి. చుట్టూ మిగిలే గోడ 0.65. ట్యాపు తిప్పుతుండగానే పగులుతుంది. అక్కడ ఎపాక్సీయే సరైన పని. బరువంతా పట్టుకునే రీలు పాదానికి మాత్రం ఇప్పటికీ వద్దంటాను. ఈ మూలకి మిగతా స్క్రూల అండ ఉంది, లాగుడు పంచుకుంటాయి.

బెజ్జం లోపల గీకి, ఎసిటోన్‌తో జిడ్డు తీసి, ఆలస్యం చేయకుండా పొయ్యాలి, గీకిన అల్యూమినియం మీద పొర మళ్లీ వెంటనే పడుతుంది. అయిదు నిమిషాల రకం వద్దు, నెమ్మదిగా గట్టిపడే మామూలు రకమే. రెండు ట్యూబుల నుంచీ సమానంగా. స్క్రూ మరలకి మైనం పల్చగా రాసి, అగ్గిపుల్లతో బెజ్జం గోడలకి ఎపాక్సీ పట్టించి, గాలి బుడగ చిక్కకుండా మెల్లగా తిప్పుతూ దించాను. రేపు స్క్రూ రాకపోతే తలకి మళ్లీ సోల్డరింగ్ ఐరనే, వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది. అన్నిటికీ మెరైన్ గ్రీజు, పాదం స్క్రూకి మాత్రం నీలం రంగు థ్రెడ్‌లాకర్, స్క్రూ వదులవకుండా పట్టే జిగురు.

బావేమో ఆదివారం భీమిలి వెళ్తానంటున్నాడు. శనివారం సాయంత్రం దాకా రీలు ఇవ్వను, ఎపాక్సీ పూర్తిగా ఆరాలి. ఆ మూల స్క్రూని చిన్న డ్రైవర్‌తో, రెండు వేళ్ల బలంతోనే బిగించాలని చెప్పాలి. చెప్తే బావ వినడు. అక్కకే చెప్తాను.