బీఎస్సీ కెమిస్ట్రీ నుంచి సీఏ ఇంటర్‌కి: డైరెక్ట్ ఎంట్రీలో నేను పడిన పాట్లు

పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత తనిఖీ) ల్యాబ్‌లో చేసేవాణ్ణి. సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి కంపెనీ బస్సులో శ్రీకాకుళం రూముకి చేరేసరికి ఎండెక్కేది. పది దాకా తెలుగు మీడియం, డిగ్రీలో 63 శాతం. సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) అంటే కామర్స్ వాళ్ల సొత్తని నా నమ్మకం. డిగ్రీలో కామర్స్ వాళ్లకి 55, మిగతావాళ్లకి 60 శాతం ఉంటే సీఏలో తొలి మెట్టు ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో మెట్టు ఇంటర్ రాయొచ్చని తెలిసి, 2023 ఆగస్టులో రిజిస్టర్ అయ్యాను.

మన జిల్లాలో ఈ మాట చెబితే "డీఎస్సీయో బ్యాంకో రాసుకోవచ్చు కదా" అంటారు. మా నాన్న ఫోన్లో రెండే అడిగాడు: "సీఏ అంటే ఏటి? ఎన్నేళ్లు?" మొదటిదానికి జవాబు చెప్పగలిగాను.

ఫౌండేషన్ తప్పిందని సంబరపడ్డాను చూశారా, అక్కడే దెబ్బతిన్నాను. డెబిట్టేదో క్రెడిట్టేదో సరిగా తెలియకుండా అకౌంటింగ్ స్టాండర్డ్స్ వీడియోలు స్పీడు పెంచి చూశాను. రెండు నెలలు గంగపాలు. మే 2024లో సీఏ ఇంటర్ రెండు గ్రూపుల్లో మొదటిది, మూడు పేపర్ల గ్రూప్ 1 రాస్తే అకౌంట్స్ 34, లా 47, ట్యాక్స్ 62. పేపరుకి 40, గ్రూపు మొత్తంలో సగం, అంటే 150 రావాలి. రెండూ తప్పాయి. ట్యాక్స్‌లో 60 దాటింది కాబట్టి ఎగ్జెంప్షన్ దక్కింది, అంటే వచ్చేసారి ఆ పేపరు రాయక్కర్లేదు, అదొక్కటే ఊరట. తర్వాత ఎదురింటి కుర్రాడి సీఈసీ పుస్తకం అడిగి తెచ్చుకుని జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ మొదటి నుంచీ చేశాను. సిగ్గుపడకండి, సైన్స్ వాళ్లు మొదలుపెట్టాల్సింది అక్కడే.

లాలో 47 ఎందుకొచ్చిందంటే, తెలిసింది తెలిసినట్టు కథలా రాసేశాను. ముందు చట్టం ఏమంటుందో, తర్వాత ఈ కేసులో ఏం జరిగిందో, చివర్లో ఏం తేలిందో వేర్వేరు పేరాల్లో రాయాలి. సెక్షన్ నంబరు గట్టిగా గుర్తుంటేనే వెయ్యండి. పరీక్ష తెలుగులో లేదు, ఇంగ్లిష్ లేదా హిందీయే. కాబట్టి రోజూ ఒక్క జవాబైనా చేత్తో రాయాల్సిందే. మెటీరియల్‌కి నేను పెద్దగా ఖర్చు పెట్టలేదు. సీఏ ఇన్‌స్టిట్యూట్ ఉచితంగా ఇచ్చే స్టడీ మెటీరియల్, ఆర్‌టీపీలు (రివిజన్ టెస్ట్ పేపర్లు), మాక్ పేపర్లతోనే నడిపాను. సీ షిఫ్టు దిగిన పొద్దున కొత్త చాప్టర్ ముట్టుకోవద్దు, బుర్రకెక్కదు. ఆ పూట ఎంసీక్యూలు (బిట్లు) చేసుకోండి. పేపర్లో 30 మార్కులు వాటివే.

కాస్టింగ్ (సరుకు తయారీ ఖర్చు లెక్కగట్టడం) మాత్రం నాకు మా ఊళ్లోనే దొరికింది. మాది పలాస పక్క పల్లె. అమ్మ జీడిపప్పు బట్టీలో పొర తీసే పనికి వెళ్లేది. జీడిపిక్కలు ఉడకబెట్టి, కోసి, ఆరబెడితే తేమ పోయి తూకం తగ్గుతుంది. అది ఎప్పుడూ ఉండేదే, నార్మల్ లాస్, మంచి సరుకు ఖర్చులోనే కలిసిపోతుంది. ఎవరిదో అజాగ్రత్త వల్ల ఒక బ్యాచ్ మాడిపోతే అబ్‌నార్మల్, అది విడిగా లాభనష్టాల ఖాతాకి పోతుంది. తొక్క నూనె మిల్లుకి పోతే బైప్రొడక్ట్. గుండు, బద్ద, ముక్క ఒకే బట్టీలోంచి వస్తాయి. ఖర్చును తూకం లెక్కన పంచితే ముక్క మీద నష్టం కనిపిస్తుంది, గుండు మీద లేని లాభం కనిపిస్తుంది. అందుకే అమ్మకం విలువ ప్రకారం పంచుతారు. జాయింట్ కాస్ట్ చాప్టరంతా అమ్మ ముందున్న మూడు గంపలే.

ఆడిటింగ్‌కి ల్యాబ్ పనికొచ్చింది. "రాయనిది జరగనట్టే" అని మాకు మొదటి రోజే నూరిపోశారు. అంకె తప్పితే వైట్‌నర్ పుయ్యకూడదు, ఒక్క గీత కొట్టి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఆడిట్‌లో చేసిన పని ఎలా రాసిపెట్టాలో చెప్పే ప్రమాణం ఎస్ఏ 230 చదువుతుంటే ఇదంతా చేసిన పనే కదా అనిపించింది.

సెప్టెంబర్ 2024లో గ్రూప్ 1, జనవరి 2025లో గ్రూప్ 2 అయ్యాయి. ఆర్టికల్‌షిప్ (సీఏ ఆఫీసులో చేసే శిక్షణ) కోసం విశాఖలో తిరిగితే ఒక ఆఫీసులో రెజ్యూమే చూసి "సైన్సా? ఎంట్రీలు రాయడం వచ్చా?" అని నవ్వారు. స్టైపెండ్ చూస్తే వదిలేసిన జీతం గుర్తొస్తుంది, ముందే చెబుతున్నా. ఇంకో చోట తీసుకున్నారు.

అక్కడ తొలి స్టాక్ ఆడిట్ ఒక రసాయనాల ఫ్యాక్టరీలో. డ్రమ్ముల వరస మీద టాలుయిన్ (ఒక ద్రావకం) అని ఉంది, రిజిస్టర్‌లో అన్నిటికీ ఒకే రేటు. నాలుగు డ్రమ్ముల లేబుల్ మీద చిన్నగా "రికవర్డ్" అని ఉంది. వాడేసి మళ్లీ శుద్ధి చేసిన సరుకది, దానికి కొత్తదాని రేటు కట్టకూడదు. సార్‌కి చూపిస్తే వర్కింగ్ పేపర్‌లో రాయమన్నారు. రాస్తూ డ్రమ్ము నంబరు ఒకటి తప్పేశాను. ఒక్క గీత కొట్టి, తేదీ వేసి, సంతకం పెట్టాను.