బరువు చెప్పిన దారి

చెన్నై జార్జ్ టౌన్‌లో మనతో ప్లస్ టూ చదివిన తెలుగు పిల్లలకు కెమిస్ట్రీ మాస్టారి నియమం గుర్తుండే ఉంటుంది: సమీకరణం రాస్తే రెండు వైపులా అణుభారాలు కూడి చూపించాలి. సున్నపురాయి 100, సున్నం 56, కార్బన్ డయాక్సైడ్ 44. మైలుతుత్తం 249.5, అందులో నీళ్లే 90. ఇవి ఏ ట్యూషన్‌లోనైనా చేయిస్తారు.

మెకానిజం, అంటే చర్యలో ఏ బంధం తెగి ఏది ఏర్పడుతుందో చెప్పే పాఠం మాత్రం ఆయన దగ్గరే వినాలి. బెంజోయిక్ ఆమ్లం 122, మిథనాల్ 32. కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడిచేస్తే మిథైల్ బెంజోయేట్ అనే ఎస్టర్ 136, నీరు 18. అటూ ఇటూ 154. లెక్క తేలిందని అందరం పెన్నులు మూస్తుంటే అడిగారు: "ఒరే, ఆ నీళ్లలో ఆక్సిజన్ ఎవరిదిరా? ఆమ్లానిదా, ఆల్కహాల్‌దా?"

ఎవరిదైనా 16 కదా, తెలిసేదెలా? అప్పుడు 1938 నాటి ప్రయోగం చెప్పారు. డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) కనిపెట్టి 1934లో నోబెల్ అందుకున్న యూరీ, రాబర్ట్స్‌తో కలిసి, భారం 18 ఉండే ఆక్సిజన్ పాలు పెంచిన మిథనాల్‌తో ఇదే చర్య జరిపారు. "అంతా బరువు ఆక్సిజనే అనుకుని వేయండి" అన్నారు మాస్టారు. మిథనాల్ 34 అవుతుంది. ఆల్కహాల్ తన ఆక్సిజన్‌ను వదిలితే నీరు 20, ఎస్టర్ 136. వదలకపోతే నీరు 18, ఎస్టర్ 138. ప్రయోగంలో బరువు ఆక్సిజన్ ఎస్టర్‌లోనే తేలింది. అంటే నీళ్లలోకి పోయింది ఆమ్లం ఆక్సిజన్. ఆల్కహాల్ ఆక్సిజన్ వెళ్లి ఆమ్లపు కార్బన్‌ను పట్టుకుంటుందన్నమాట. బోర్డు మీద ఆయన ఎలక్ట్రాన్లు కదిలే దారి చూపే వంపు బాణం గీసింది ఆ తర్వాతే.

నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను, భారాల లెక్క, మెకానిజం అనే ఈ రెండు పాఠాలను విడదీసి చెప్పడం వల్లే పిల్లలు మెకానిజం అంటే టెన్షన్ పడి బట్టీ కొడతారు.

బెల్ కొట్టాక ఇంకొకటి ఇచ్చారు: టెర్షియరీ బ్యూటైల్ ఎసిటేట్ అనే మరో ఎస్టర్ 116. దాన్ని ఆమ్లం సమక్షంలో భారం 20 ఉన్న నీటితో విడగొడితే బరువు ఎటు చేరుతుంది? బీచ్ స్టేషన్‌లో రైలెక్కి తాంబరం వైపు వెళ్లే మా జట్టంతా దారి పొడవునా దాని మీదే వాదించుకున్నాం. మర్నాడు ఆయనే విప్పారు: ఆమ్లం 60గానే ఉంటుంది, ఆల్కహాల్ 76 అవుతుంది. ఆల్కహాల్ వైపు మూడు మిథైల్ గుంపుల అండ ఉన్న కార్బన్ ధనావేశాన్ని మోయగలదు కాబట్టి, ఇక్కడ తెగేది ఆమ్లపు కార్బన్ వైపు బంధం కాదు, ఆక్సిజన్‌కు రెండో వైపున ఈ కార్బన్‌తో ఉన్న బంధం.