మా అమ్మ మాట దిద్దేశారు

నిన్ననే నా నవలిక ప్రూఫులు, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే పేజీలు, చేతికొచ్చాయి. దాని ఎడిటింగ్‌లో పడ్డ బాధంతా ఇంకా పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

రాయడం, టైపు చేయించడం ఇబ్బంది లేకుండా అయిపోయాయి. హుద్‌హుద్ తుఫాను రోజుల్లో విశాఖ గాజువాకలోని ఒక ఇంటి కథ, 120 పేజీలు. ఊళ్లో ఒకాయన పుస్తకాలు ఎడిట్ చేస్తారంటే వెళ్లి, "ఎడిటింగ్ చేసిపెట్టండి" అని 8,000 రూపాయలు ఇచ్చాను. ఏ ఎడిటింగ్ అని ఆయన అడగలేదు. అందులో రకాలుంటాయని నాకూ తెలీదు.

నెల తర్వాత రాతప్రతి తిరిగొచ్చింది. కథలో తల్లి కొడుకుని "బేగొచ్చీరా గుంటడా!" అని పిలుస్తుంది. దాన్ని "త్వరగా రా బాబూ!" అని మార్చేశారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా అంతే, ఆవిడ మాట ఒక్కటి మిగల్లేదు. అది మా అమ్మ మాట. అడగడానికి వెళితే ఇంకో ఇద్దరు రచయితల ముందు, "ఆ యాస ఇంట్లో మాట్లాడుకోండి, పుస్తకంలో బాగోదు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడిచే వచ్చేశాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది ఈ ఉత్తరాంధ్రలోనే కదా, ఇక్కడే ఈ మాట పడాలా?

అసలు తప్పు మాత్రం ఆయన కంటపడలేదు. తుఫాను తీరం దాటిన 2014 అక్టోబరు 12 ఆదివారం. నా కథలో కుర్రాడు ఆ పొద్దున బడికి బయల్దేరతాడు! ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పరిచయమైన ఒక రిటైర్డ్ మాస్టారు పట్టుకున్నారు.

రకాలు విడమరిచి చెప్పిందీ ఆయనే. కథ నడక, అధ్యాయాల వరస, పాత్రలు చూసేది డెవలప్‌మెంటల్ ఎడిటింగ్. వాక్యం సాఫీగా ఉందా అని చూసేది లైన్ ఎడిటింగ్. స్పెల్లింగ్, పేర్లు, తేదీలు సరిచూసేది కాపీ ఎడిటింగ్. పేజీలు కట్టాక అచ్చుతప్పులు ఏరేది ప్రూఫ్ రీడింగ్. ఈ వరస తప్పితే డబ్బు దండగ, అధ్యాయాలే మారిపోయాక ముందు దిద్దిన ప్రూఫులు ఎందుకు? నాకు కావలసింది కాపీ ఎడిటింగ్. జరిగింది తిరగరాయడం.

మీ పుస్తకం ఎడిటింగ్‌కి ఇచ్చేముందు ఐదు పేజీలు దిద్ది చూపించమనండి. మార్పులన్నీ కనిపించేలా వర్డ్‌లో ట్రాక్ చేంజెస్ పెట్టమనండి. సంభాషణల యాస ముట్టుకోవద్దని కాగితం మీద రాసివ్వండి, నోటిమాట నమ్మకండి. డీటీపీలో వాడే అను ఫాంటు నుంచి, ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా కనిపించే యూనికోడ్‌కి మార్పిస్తే ఒత్తులు చెదురుతుంటాయి, వాటిని విడిగా చూసుకోండి.

రెండోసారి ఒక అమ్మాయి చేసింది. "గుంటడా" పక్కన మార్జిన్‌లో "ఇలాగే ఉంచాలా అండీ?" అని రాసింది. ఉంచమన్నాను. నిన్న ప్రూఫులు రాగానే ముందు ఆ పేజీయే తీసి చూశాను. ఉంది.