కారణం చెప్పకుండా లేచి వెళ్లడం

"దొంగ అని తెలిసీ వాడి తరఫున ఎలా వాదిస్తావమ్మా?" ఫోన్ చేసినప్పుడల్లా బాబాయ్ అడిగే మాట ఇది. ఆయన లెక్కలో నేను కేసు వదిలేయాల్సింది అక్కడే. ఇంగ్లండ్‌లో మా బారిస్టర్ల రూలు మాత్రం దానికి తలకిందులు. దాని పేరే 'క్యాబ్ ర్యాంక్ రూల్'. స్టాండులో ముందున్న టాక్సీ ఎవరొచ్చినా ఎక్కించుకోవాలి కదా, అలాగే మనిషి నచ్చలేదనో, నేరం చేసే ఉంటాడనో బ్రీఫ్ (అంటే మాకు అప్పగించే కేసు) వద్దనకూడదు. 1792లో, రాజరికాన్ని తిడుతూ పుస్తకం రాసిన థామస్ పెయిన్ తరఫున వాదించినందుకు ఎర్స్కిన్ అనే బారిస్టరుకి వేల్స్ యువరాజు దగ్గరున్న కొలువే పోయింది.

సరైన ఫీజు ఇవ్వకపోతే, ఆ పని నాకు రాకపోతే, అవతలివాళ్ల రహస్యాలు నాకు ముందే తెలిసుంటే వద్దనొచ్చు. ఇవి తేలికే.

"మరి వాడే నీతో ఒప్పుకుంటే?" అంటాడు బాబాయ్. అప్పుడూ మానేయక్కర్లేదు. 'అంత చీకట్లో ముఖం ఎలా కనిపించింది?' అని సాక్షిని అడగొచ్చు. 'చేసింది ఇతను కాదు, ఫలానావాడు' అనకూడదు. బోనెక్కి అబద్ధమే చెబుతానని క్లయింటు మొండికేస్తే మాత్రం నేను తప్పుకోవాలి.

అలా తప్పుకోవడం నేను మొదటిసారి చూసింది ట్రైనింగ్‌లో. ప్రాసిక్యూషన్ వైపు మా సీనియర్ వెనక కూర్చుని నోట్స్ రాసుకుంటున్నా. లంచ్ అయ్యాక, జ్యూరీ ఇంకా లోపలికి రాకముందే, డిఫెన్స్ బారిస్టరు లేచాడు. 'ప్రొఫెషనల్లీ ఎంబరాస్డ్' అన్నాడు. పాపం, దేనికి సిగ్గుపడుతున్నాడా అనుకున్నాను! వృత్తి ధర్మం ప్రకారం ఈ కేసులో ఇక కొనసాగలేను అని దానర్థం. జడ్జి ఎందుకని అడగలేదు. క్లయింటుకి చెప్పారా అని మాత్రం అడిగారు. క్లయింటు చెప్పింది రహస్యం కాబట్టి, కారణం అడిగినా బారిస్టరు చెప్పలేడు. వెనక బోనులో ఉన్నాయన తలొంచుకుని కూర్చున్నాడు. బారిస్టరు కాగితాలన్నీ సర్ది, గులాబీ రంగు టేపు చుట్టి, ముడి సరిగ్గా పడక మళ్లీ విప్పి కట్టాడు. అంతా కలిపి రెండు నిమిషాలు.

తర్వాత కాఫీ మెషిన్ దగ్గర కనిపించాడు, విగ్గు చేతిలో పట్టుకుని. మా సీనియర్ ఆయన్ని ట్రైన్ ఎన్నింటికని అడిగారు. ఇంకేమీ అడగలేదు.

"ఇంతకీ ఏం జరిగిందట?" అన్నాడు బాబాయ్.

నాకూ తెలీదు బాబాయ్.