పదేళ్లకు పూచీ పడిన హ్యుందాయ్

అమెరికాలో ఎమ్మెస్‌కి వచ్చిన మన పిల్లలు మొదటి కారు గురించి సీనియర్లని అడిగితే చాలాకాలం ఒకటే జవాబు వచ్చేది: కళ్లు మూసుకుని కరోలా తీసుకో, దొరక్కపోతే సివిక్. ఇప్పుడు అదే ప్రశ్నకి హ్యుందాయ్ వాళ్ల ఎలాంట్రా, సొనాటా పేర్లు కూడా వినిపిస్తున్నాయి, అదీ "డబ్బు సరిపోకపోతే" అనే తోక లేకుండా. ఇదెంత పెద్ద మార్పో 1990లలో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పట్లో హ్యుందాయ్ అంటే రాత్రిపూట టీవీ షోలకి దొరికే రెడీమేడ్ జోకు. అంతరిక్షంలో వ్యోమగాముల్ని హడలెత్తించాలంటే కంట్రోల్ ప్యానెల్ మీద హ్యుందాయ్ లోగో అతికిస్తే చాలని 1998లో ఒక షోలో అంటే దేశమంతా పగలబడి నవ్వింది. ఇండియాలో మనకి ఈ సంగతి పెద్దగా తెలీదు, ఎందుకంటే సరిగ్గా ఆ ఏడాదే సాంత్రో మన దగ్గరికి వచ్చింది, మారుతి 800 పక్కన నిలబెట్టి చూస్తే అది మేలురకం బండిగానే కనిపించింది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒక దేశంలో నవ్వులపాలు, ఇంకో దేశంలో షారుఖ్ ఖాన్ ప్రకటనలు.

అమెరికాలో కథ మొదలైంది మాత్రం ఘనంగానే. 1986లో ఎక్సెల్ అనే చిన్న కారు దింపారు, ధర 4,995 డాలర్లు. మామూలు సెకండ్ హ్యాండ్ కారుకి పెట్టే డబ్బుతో కొత్త కారు ఇంటికొస్తుంటే ఎవరు వద్దంటారు? చూడ్డానికీ బాగానే ఉండేది, ఇటలీ డిజైనర్ జుజారో గీసిన కారు మరి. తొలి ఏడాదే 1,68,882 అమ్ముడుపోయాయి. బయటి కంపెనీ ఏదీ అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదే అన్ని అమ్మలేదు. మరుసటి ఏడు రెండున్నర లక్షలు దాటింది. 1967లో పుట్టి, ఫోర్డ్ కార్టినాలు బిగిస్తూ పని నేర్చుకున్న కంపెనీకి ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఇంత అదృష్టం పడితే తల తిరగదా మరి.

తర్వాత ఆ బళ్లు ఒక్కొక్కటీ మొరాయించడం మొదలైంది. కొరియావాళ్లకి అప్పటికి కార్లు చేయడం రాదు కాబట్టి అలా అయిందని తేలిగ్గా తేల్చేస్తారు చాలామంది. నాకైతే అది సగమే నిజం అనిపిస్తుంది. ఇంజన్ టెక్నాలజీ మిత్సుబిషి నుంచి లైసెన్సు మీద తెచ్చుకున్నదే, పైగా అదే కారుని మిత్సుబిషి కూడా ప్రెసిస్ అని తన పేరు తగిలించి అమెరికాలోనే అమ్ముకుంది. అసలు తంటా అంతా ధరతో వచ్చింది. ముందు ధర ఖాయం చేసేసి, దానికి సరిపడేలా ప్రతి భాగాన్నీ కుదించుకుంటూ పోయారు, పైగా లక్షల్లో ఓడలెక్కించాలన్న ఆత్రం. ఎక్కడా అప్పు పుట్టనివాళ్లకి కూడా డీలర్లు వాయిదాల మీద అంటగట్టారు, కట్టలేక వదిలేసిన బళ్లు వేలంలో గుట్టలు పడ్డాయి, దాంతో రీసేల్ ధర పాతాళానికి పోయింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బండి ఆగిపోతే ఆ ఖర్చు ఎవరు భరించారు? కొన్నవాడు. గ్యారంటీ గడువు ముగిశాక బేరింగ్ పోయినా, గేర్లు పడకపోయినా కొరియాలోని ఉల్సాన్ ఫ్యాక్టరీలో ఎవరి జేబుకీ చిల్లు పడేది కాదు. అలాంటప్పుడు వాళ్లు ఆ బేరింగ్ గురించి ఎందుకు తల బద్దలుకొట్టుకుంటారు?

ఇంచుమించు ఆ రోజుల్లోనే యుగోస్లావియా నుంచి యుగో అనే కారు ఇంకా చౌకగా, 3,990 డాలర్లకే వచ్చింది. అదీ జోకే అయింది, 1992కల్లా అమెరికా నుంచి మూటాముల్లె సర్దుకుంది. హ్యుందాయ్ కూడా అదే దారి పట్టాల్సింది. 1998కి అమ్మకాలు ఏడాదికి 90 వేలకి పడిపోయాయి, కొరియాలో చూస్తే ఆసియా ఆర్థిక సంక్షోభం, అమెరికాలో దుకాణం మూసేయడమే మేలని అందరూ అనుకుంటున్న సమయం.

సరిగ్గా అప్పుడు పగ్గాలు చుంగ్ మోంగ్-కూ చేతికొచ్చాయి. వ్యవస్థాపకుడు చుంగ్ జు-యంగ్ కొడుకే, కాబట్టి ఇది వారసత్వమే, అందులో దాచాల్సిందేం లేదు. కానీ ఈయన గతంలో ఒక విశేషం ఉంది. అప్పటిదాకా కార్ల కంపెనీని నడిపింది ఈయన బాబాయి. ఈయన మాత్రం ఏళ్ల తరబడి హ్యుందాయ్ సర్వీసు కంపెనీని చూసుకున్నాడు, అంటే పాడైన బళ్లు వచ్చి చేరే చోట కూర్చున్నాడు. ఏ భాగం ఎన్నాళ్లకి పోతుందో, కస్టమర్ ఏమని తిడతాడో సేల్స్ వాళ్లకంటే ఆ సీట్లో ఉన్నవాడికి బాగా తెలుస్తుంది. ఆ తర్వాత జరిగినదానికి బీజం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఉల్సాన్ ఫ్యాక్టరీకి వెళ్లి ఒక సొనాటా బానెట్ ఎత్తించాడట. లోపల వైర్లు వేలాడుతున్నాయి, గొట్టాలు ఒకదాని మీద ఒకటి మెలికపడి ఉన్నాయి, బోల్టులేమో నాలుగు రంగులు. చూసి ఊరుకోలేదు. బోల్టులన్నిటికీ నలుపు రంగే వేయాలి, బానెట్ కింద అంతా పద్ధతిగా లేకపోతే ఆ బండి గేటు దాటకూడదు అని ఆర్డర్ వేశాడు. బోల్టు రంగుతో ఇంజన్ బాగుపడుతుందా అని మీరు అడగొచ్చు. పడదు. కానీ లైన్ మీద పనిచేసేవాడికి ఒక సంగతి అర్థమవుతుంది, ఎవరూ చూడని చోట కూడా ఇకమీదట చూసేవాడు ఒకడున్నాడని. క్వాలిటీ విభాగాన్ని పదింతలు చేసి వెయ్యి మంది దాకా పెంచాడు, నెలకి రెండు సార్లు మీటింగ్ పెట్టి తనే కూర్చునేవాడు. ఛైర్మన్ స్వయంగా కూర్చుని గేర్ లివర్ ఎందుకు గరగరమంటోందని అడుగుతుంటే డిజైన్ వాళ్లు తప్పు ఫ్యాక్టరీ వాళ్ల మీదకీ, ఫ్యాక్టరీ వాళ్లు తప్పు విడిభాగాలు సప్లయి చేసేవాళ్ల మీదకీ నెట్టేసి తప్పించుకోవడం కుదరదు కదా.

ఇక వారంటీ. 1999 మోడళ్ల నుంచి అమెరికాలో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ పదేళ్లు లేదా లక్ష మైళ్లు, మిగతా కారుకి ఐదేళ్లు లేదా 60 వేల మైళ్లు అని ప్రకటించారు. టయోటా అప్పట్లో ఇంజన్‌కి ఐదేళ్లు, మిగతా కారుకి మూడేళ్లు ఇచ్చేది. జనం నోరెళ్లబెట్టారు, పోటీ కంపెనీలు నవ్వుకున్నాయి, ఈ లెక్కన వీళ్లు రిపేర్ల బిల్లులు కట్టలేక దివాలా తీస్తారని. ఆ భయంలో అర్థం లేకపోలేదు, ఎందుకంటే ఆ ప్రకటన వచ్చేనాటికి బళ్లు ఇంకా పూర్తిగా బాగుపడలేదు. మాట ముందిచ్చి, దాన్ని నిలబెట్టుకోవడానికి కావాల్సిన నాణ్యత కోసం తర్వాత పరుగెత్తారు.

చాలామంది దీన్ని మార్కెటింగ్ ఎత్తుగడగా చెబుతారు, అది కొంతవరకు నిజమే, అమ్మకాలు పెరిగింది దానివల్లే. నాకు ఆసక్తి కలిగించేది మాత్రం ఫ్యాక్టరీ లోపల అది చేసిన పని. వారంటీ కింద డీలర్ చేసే ప్రతి రిపేరుకీ బిల్లు కంపెనీకి వస్తుంది. ఏ భాగం, ఏ తారీఖున తయారైన బండి, ఎన్ని మైళ్ల దగ్గర పోయింది, అన్నీ ఆ బిల్లులోనే రాసి ఉంటాయి. మూడేళ్ల వారంటీ ఉన్న కంపెనీకి నాలుగో ఏట పోయే వాటర్ పంపు అసలు కనబడదు, కస్టమర్ ఎక్కడో బయటి మెకానిక్ దగ్గర బాగుచేయించుకుని తిట్టుకుంటూ పోతాడు. పదేళ్ల వారంటీ ఉన్న కంపెనీకి ఎనిమిదో ఏట అరిగిపోయే గేరు కూడా తన ఖాతాలోనే పడుతుంది. పైగా అమ్మిన ప్రతి బండికీ రాబోయే రిపేర్ల కోసం కొంత డబ్బు ముందే పక్కన పెట్టాలి, బండి ఎంత బాగుంటే ఆ డబ్బు అంత తగ్గుతుంది. అంటే మంచి బేరింగ్ వేయడానికి ఇంకో రెండు డాలర్లు కావాలని ఇంజనీరు అడిగితే, వద్దు అని కొట్టిపారేసే అకౌంటెంటే ఇప్పుడు సరే వేయవయ్యా అంటాడు. ఇంతకుముందు కొన్నవాడి జేబులోంచి పోయే డబ్బు ఇప్పుడు కంపెనీ జేబులోంచి పోతుంది, అంతే.

ఫలితం రావడానికి ఐదారేళ్లు పట్టింది. అమ్మకాలు ముందు పుంజుకున్నాయి, 2001కి మూడున్నర లక్షల దగ్గరికి వెళ్లాయి. నాణ్యత లెక్కలు తర్వాత వచ్చాయి. జె.డి. పవర్ అనే సంస్థ కొత్త కార్లు కొన్నవాళ్లని తొలి 90 రోజుల్లో ఏమేం ఇబ్బందులొచ్చాయని అడిగి, వంద కార్లకి ఎన్ని ఫిర్యాదులో లెక్క కడుతుంది. హ్యుందాయ్‌కి 1998లో 272 వస్తే, 2004కి అవి 102కి తగ్గాయి, హోండాతో సమానంగా, టయోటా బ్రాండ్ కంటే మెరుగ్గా. ఏదో పొరపాటున అచ్చయింది అనుకున్నారట కొందరు. 2006లో పోర్షే, లెక్సస్ తర్వాత మూడో స్థానం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, 90 రోజులు బాగా నడవడం వేరు, పదేళ్లు నడవడం వేరు. జనం మనసులో ఉన్నది రెండోది. లెక్కలు మారాక కూడా "హ్యుందాయా?" అని ముఖం చిట్లించేవాళ్లు ఇంకో పదేళ్లు కనిపించారు, వాళ్లని తప్పుపట్టలేం కూడా, ఎక్సెల్ కొని కాలు కాల్చుకున్నవాడు సర్వే చదివి మళ్లీ వస్తాడా?

2009 జనవరిలో, ఆర్థిక మాంద్యంలో జనం ఉద్యోగాలు పోయి కొత్త కారు అంటేనే భయపడుతున్నప్పుడు, మా కారు కొన్నాక ఏడాదిలోపు ఉద్యోగం పోతే బండి తిరిగి ఇచ్చేయండి అన్నారు. ఇదీ మళ్లీ అదే తరహా, కొనేవాడి భయాన్ని కంపెనీ తన నెత్తిన వేసుకోవడం. ఆ ఏడాది అమెరికాలో కార్ల మార్కెట్ మొత్తం 21 శాతం పడిపోతే హ్యుందాయ్ 8 శాతం పెరిగింది.

ఇక్కడితో ఆపేస్తే కంపెనీ బ్రోచర్ అవుతుంది. 2011 సొనాటా నుంచి వాడిన థీటా 2 ఇంజన్లలో పెద్ద తప్పు బయటపడింది. క్రాంక్ షాఫ్ట్ చెక్కేటప్పుడు రాలిన లోహపు రజను ఆయిల్ దారుల్లో ఉండిపోయి, ఆయిల్ సరిగ్గా అందక కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగి, హైవే మీద ఇంజన్ పట్టేసేది. 2015లో తొలి రీకాల్ వేశారు, అంటే అమ్మిన బళ్లని వెనక్కి పిలిచి బాగుచేయడం, అదీ అరకొరగానే. హ్యుందాయ్‌లోనే రెండున్నర దశాబ్దాలు పనిచేసిన ఇంజనీరు ఒకాయన అమెరికా రోడ్డు భద్రతా సంస్థకి కాగితాలు అందించాడు, కంపెనీ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. 2020లో హ్యుందాయ్, దాని గ్రూపులోదే అయిన కియా కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకున్నాయి, ఆ మరుసటి ఏడాది సమాచారం ఇచ్చినందుకు ఆ ఇంజనీరుకి 2.4 కోట్ల డాలర్లకి పైగా బహుమతి వచ్చింది. తప్పుని దాచడానికి చూసింది క్వాలిటీయే మా మంత్రం అని చెప్పుకున్న కంపెనీయే. చివరికి ఆ ఇంజన్లకి జీవితకాల వారంటీ ఇవ్వాల్సి వచ్చింది, అంటే మళ్లీ పూచీ పడితే తప్ప జనం నమ్మని స్థితి.

దొంగతనాల గోల ఇంకా విడ్డూరం. అసలు తాళం లేకుండా ఇంజన్ స్టార్ట్ కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ 2015 మోడళ్లలో మిగతా కంపెనీల కార్లకి 96 శాతం ఉంటే, హ్యుందాయ్, కియాలకి 26 శాతమే. 2021 తర్వాత ఒక యూఎస్‌బీ కేబులు ముక్కతో వీటిని ఎలా ఎత్తుకుపోవచ్చో కుర్రాళ్లు వీడియోలు పెట్టడం మొదలెట్టారు, కొన్ని ఊళ్లలో ఇన్సూరెన్స్ కంపెనీలు ఈ బళ్లకి పాలసీ ఇవ్వమనేశాయి. కెనడాలో ఇమ్మొబిలైజర్ చట్టప్రకారం తప్పనిసరి కాబట్టి అక్కడ అమ్మిన కార్లలో పెట్టారు, అమెరికాలో చట్టం అడగలేదు కాబట్టి వదిలేశారు. ఇది చదివినప్పుడు నాకు ఎక్సెల్ నాటి బుద్ధే కనిపించింది. ఇంజన్ పోతే బిల్లు కంపెనీకి వస్తుంది, కారు దొంగలు ఎత్తుకుపోతే రాదు. బిల్లు తమకి రాని చోట ఇంకా పాత లెక్కే నడిచింది.

ఇంత జరిగినా పేరు మళ్లీ 1998 స్థితికి పడిపోలేదు. అదే గ్రూపులోని కియా 2022లో జె.డి. పవర్ మన్నిక సర్వేలో, అంటే మూడేళ్లు వాడిన కార్ల లెక్కలో, ఖరీదైన బ్రాండ్లన్నిటినీ దాటి మొదటి స్థానంలో నిలిచింది. అదే ఏడాది హ్యుందాయ్ ఎలక్ట్రిక్ కారు అయానిక్ 5కి వరల్డ్ కార్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది, అమ్మకాల్లో గ్రూపు ప్రపంచంలో మూడో స్థానానికి చేరింది. బళ్లు నిజంగా బాగుపడ్డాయి, అందులో నాకు అనుమానం లేదు.

సెకండ్ హ్యాండ్ హ్యుందాయ్ చూస్తున్న పిల్లలకి ఒక మాట. ఆ పదేళ్ల ఇంజన్ వారంటీ మొదటి ఓనరుకి మాత్రమే, బండి చేతులు మారితే మామూలుగా ఐదేళ్లు, 60 వేల మైళ్లకి తగ్గిపోతుంది. కంపెనీ తనే తనిఖీ చేసి సర్టిఫై చేసి అమ్మే పాత కార్లకైతే పదేళ్లూ వర్తిస్తుంది. అమ్మేవాడు "టెన్ ఇయర్స్ వారంటీ ఉంది బ్రో" అనగానే పొంగిపోకుండా, విన్ నంబర్ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) తీసుకుని బండి మొదట ఏ తారీఖున అమ్ముడైందో, రీకాల్ పనులన్నీ అయ్యాయో లేదో డీలర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. 2011 నుంచి 2019 మధ్య సొనాటా అయితే ఇంజన్ సంగతి, తాళంతో తిప్పే మోడల్ అయితే దొంగతనాన్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ సంగతి కూడా అప్పుడే అడిగేయండి.