పొగాకు బ్యారన్‌లో పంక్ ఆల్బమ్ – నా అనుభవం

ప్రకాశం జిల్లాలో డ్రమ్స్ రికార్డు చేసుకోను గది కావాలంటే ముందు ఖాళీ పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే గది) కోసం వెతకండి. సీజన్ అయిపోయాక నెలల తరబడి అది ఊరికే ఉంటుంది. గోడలు మందం, కప్పు ఎత్తు, చుట్టూ పొలాలు. కొండపి వైపు అట్టాంటి ఒకదాంట్లోనే మా పంక్ (వేగంగా, గట్టిగా వాయించే చిన్న చిన్న రాక్ పాటలు) ఆల్బమ్ చేశాం. 11 పాటలు, మొత్తం 24 నిమిషాలు. స్టూడియోకి గంటల లెక్కన కట్టలేక పట్టిన దారి ఇది. ఈ సంగీతానికి అదేం కొత్త కాదు. 1977లో మాంచెస్టర్ బృందం బజ్‌కాక్స్ అప్పు తెచ్చిన 500 పౌండ్లతో నాలుగు పాటల రికార్డు సొంతంగా వేసుకుంది. ఏ పాట ఎన్నో టేకో (ఎన్నోసారి వాయించిందో) కవరు మీదే అచ్చేసుకుంది.

బ్యారన్‌తో వచ్చే చిక్కు దాని కొలతలోనే ఉంది. మాది పొడవు 16 అడుగులు, వెడల్పు 16, ఎత్తు కూడా దాదాపు అంతే. మూడు కొలతలూ ఒకటైతే మూడు దిక్కుల నుంచీ ఒకే స్వరం పేరుకుంటుంది. 16 అడుగులంటే 4.88 మీటర్లు. ధ్వని వేగాన్ని దానికి రెట్టింపుతో భాగిస్తే 35 హెర్ట్జ్. ఆ తర్వాతవి 70, 105. కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) దెబ్బ పడేది సరిగ్గా ఆ 70 దగ్గరే. మొదటిరోజు రికార్డింగ్‌లో కిక్ ఒక్కటే గుమ్ముమని మోగింది, మిగతాదంతా దాని కింద పడిపోయింది. ఆ రోజు చేసిందంతా చెరిపేశాం.

దీనికి గోడలకి అంటించే గుడ్లట్రేలు పనికిరావు. ఎవరు ఎంత చెప్పినా అవి కింది స్వరాన్ని ఆపవు. నాలుగు మూలల్లో ఊక బస్తాలు ఆరేసి చొప్పున నిలువునా పేర్చాం, గోడకూ బస్తాకూ మధ్య జానెడు ఖాళీ వదిలాం. పొగాకు కర్రలు వేలాడదీసే టీర్లు పైన ఉండనే ఉన్నాయి, వాటికి గోనె పట్టాలు రెండు మడతలు వేసి వేలాడదీశాం. డ్రమ్స్‌ని గది నడిమధ్యలో పెట్టొద్దు, ఒక గోడకు ఐదున్నర అడుగుల దూరంలో పెట్టండి. వేడి తిరిగే లోపలి గొట్టాలను కర్ర ముక్కతో కొట్టి చూడండి, గణగణమన్న ప్రతిదానికీ తడి గోనె చుట్టాలి. లేకుంటే స్నేర్ (టప్పుమని మోగే చిన్న డ్రమ్) పడ్డ ప్రతిసారీ అవీ పాడతాయి.

కరెంటు సంగతి ఇంతకన్నా పెద్ద తలనొప్పి. పగలు వ్యవసాయ మోటార్లు తిరిగే వేళ అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే వోల్టేజి 180కి జారుతుంది, మోటారు స్టార్ట్ అయినప్పుడల్లా ట్యూబ్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) మూలుగుతుంది. సాయంత్రం మోటార్లు ఆగాకే గిటార్లు. డ్రమ్స్‌కి ఆంప్ అక్కర్లేదు గనక లాప్‌టాప్ బ్యాటరీ మీద పగలే కానిచ్చాం. ఇన్వర్టర్ వాడితే సైన్ వేవ్‌దే వాడండి. స్క్వేర్ వేవ్‌ది గిటార్ పికప్‌లోకి (తీగల కదలికని పట్టే భాగంలోకి) తేనెటీగల తుట్టె దింపుతుంది.

50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ ఎండిపోయిందని లెక్క. ఎర్త్ గుంతలో రెండు బిందెలు ఉప్పునీళ్లు పోశాక మా హమ్ సగానికి తగ్గింది. మిగిలిన సగం అన్నిటినీ ఒకే ప్లగ్ బోర్డు మీదికి తెచ్చాక పోయింది. హమ్ పోతుంది కదా అని ఆంప్ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను మాత్రం తీయకండి. చేతిలో గిటార్ తీగ, పెదవికి మైకు, రెంటికీ మధ్య తేడా వోల్టేజి ఉంటే పాడేవాడి ప్రాణం మీదికొస్తుంది.

మైకులు ఆరే: కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఎస్ఎం57 రకం ఒకటి, నేల మీద నిలబెట్టే డ్రమ్ ఫ్లోర్ టామ్‌కి ఒకటి, డ్రమ్స్‌కి పైన ఓవర్‌హెడ్ రెండు, తలుపు దగ్గర గది మైకు ఒకటి. ఓవర్‌హెడ్ రెండూ స్నేర్ నడిమి నుంచి సమాన దూరంలో ఉండాలి. పురికొస ఒక కొన స్నేర్ మీద నొక్కిపట్టి, రెండో కొనని 40 అంగుళాల దగ్గర రెండు మైకులకూ తాకించి చూసుకుంటే చాలు. అర అడుగు తేడా వచ్చినా స్నేర్ పలచబడిపోతుంది. కిక్ ట్రాక్‌కి పోలారిటీ తిప్పి (ధ్వని అలని తలకిందులు చేసి), తిప్పక రెండు రకాలా వినండి, అడుగు గట్టిగా ఉన్నదాన్ని ఉంచుకోండి. ఎండకి డ్రమ్ ప్లాస్టిక్ చర్మాలు వదులవుతాయి, రెండు పాటలకోసారి శృతి చూడక తప్పదు. గిటార్ ప్రతి పాటకీ రెండుసార్లు విడివిడిగా వాయించి ఎడమ, కుడి పెట్టాం. స్టేజీ మీద పెట్టే గెయిన్‌లో (ఆంప్‌లో గరగర పెంచే నాబ్) మూడో వంతు తగ్గించాలి. లేకుంటే రెండూ కలిసి బురదవుతాయి.

ఇక తెలుగు. పంక్‌లో తెలుగు ఇమడదనేవాళ్లు దాన్ని ఛందస్సు తెలియకుండా వాడినవాళ్లే. నిమిషానికి 180 బీట్ల టెంపోలో ఒక బీటు 333 మిల్లీసెకన్లు, దాంట్లో సగానికి ఒక అక్షరం. బారుకు (నాలుగు బీట్లకు) ఎనిమిది అక్షరాలు పడతాయి, స్నేర్ మోగేది మూడో అక్షరం మీద, ఏడో అక్షరం మీద. అక్కడ గురువు పడాలి. ‘అప్పు కట్టు, తిప్పి కట్టు’ అన్నామనుకోండి, ‘కట్’ రెండుసార్లూ స్నేర్ మీదే పడి చెంపదెబ్బలా వినిపిస్తుంది. ‘పొగాకు రైతు బతుకు’ అని మొదలెడితే స్నేర్ కింద ‘కు’, ‘తు’ అన్న లఘువులు పడి, ‘గా’ దీర్ఘం ఎటూ కాకుండా ‘పొగకు’ అన్నట్టు వినపడింది. ‘పొ’ని అంతకుముందు బారు చివరికి నెట్టేశాం. దాంతో ‘రై’ స్నేర్ మీదికి వచ్చింది, మాట నిలబడింది. ఒక్క అక్షరం జరపడానికి ఒక పూట పట్టింది.

కోరస్‌కి ఆరుగురం ఒకే మైకు చుట్టూ మూడడుగుల దూరంలో నిలబడి మూడు టేకులు అరిచాం, ప్రతి టేకుకీ చోట్లు మారి. విన్నవాళ్లకి పద్దెనిమిది గొంతులు. బుర్రకథలో వంతలు అందుకునే అలవాటున్న ఊళ్లు గనక ఈ పని ఎవరికీ నేర్పాల్సిన అవసరం రాలేదు.

మిక్స్‌ని హెడ్‌ఫోన్లో ఒప్పుకోకండి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒంగోలు షేర్ ఆటో ఎక్కి వినండి. ఆ చిన్న స్పీకర్లలో 100 హెర్ట్జ్ కిందిది ఉండదు, బేస్ గిటార్ మొత్తం మాయం. బేస్ ట్రాక్‌ని కాపీ చేసి, ఆ కాపీకి డిస్టార్షన్ (గరగర) పెట్టి, 200 నుంచి 800 హెర్ట్జ్ దాకా ఉంచి మిగతాది కోసి కలిపితే ఆటోలోనూ బేస్ వినపడుతుంది. మాస్టర్‌ని (విడుదలకి సిద్ధం చేసే చివరి కాపీని) శబ్దం పెంచాలని మరీ పిండొద్దు. స్పాటిఫై మామూలుగా మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్‌కి (చెవికి వినపడే శబ్దం కొలత) దించి వినిపిస్తుంది, మైనస్ 8కి పిండితే శబ్దం అంతే ఉంటుంది, స్నేర్ దెబ్బ మాత్రం పోతుంది. మేం మైనస్ 10 దగ్గర ఆగాం.

విడుదలకి డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని స్పాటిఫై లాంటి యాప్‌లకి చేర్చే సంస్థ) ఒకరు చాలు. ఒక్కో పాటకి వచ్చే 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఆ రికార్డింగ్ గుర్తింపు సంఖ్య) రాసిపెట్టుకోండి, రేపు డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా అదే కోడ్ ఇవ్వాలి. రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు ఐపీఆర్ఎస్‌లో (వాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘంలో) చేరితే వాళ్ల రాయల్టీ వేరేగా వస్తుంది. స్పాటిఫై వాళ్లు ఎంచి పెట్టే పాటల జాబితాలకి పాట పంపాలంటే విడుదలకి కనీసం వారం ముందు పంపాలి, మేం నెల పెట్టుకున్నాం. అక్కడ 30 సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు లెక్క, ఒకటిన్నర నిమిషం పాట మనకి నష్టం కాదు. బ్యాండ్‌క్యాంప్ (పాటలు నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు) మీద ఆశ పెట్టుకుంటే మన దగ్గర చిక్కు. డబ్బు పేపాల్ మీదుగా రావాలి, పేపాలేమో 2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది. ఇక్కడివాళ్లకి యూపీఐ తీసుకుని డౌన్‌లోడ్ లింకు పంపాం.

జనం ముందు వాయించేటప్పుడు మైక్‌సెట్టు ఆపరేటర్‌తో ముందే మాట్లాడుకోండి. గొంతు మీద ఎకో పెట్టడం వాళ్లకి మర్యాద కింద లెక్క, ఆ వేగానికి ఎకో పెడితే ప్రతి మాటా ముందుమాట తోక తొక్కుతుంది. లౌడ్‌స్పీకర్‌కి పోలీసు అనుమతి, రాత్రి పదికి ముగింపు ఎట్టాగూ తప్పవు.

వచ్చిన మాటలు రెండే రకాలు. ‘మాటలు వినపళ్లా’ అన్నవాళ్ల కోసం ఆల్బమ్ వేసి ఇచ్చే పెన్‌డ్రైవ్‌ల రెండో విడతతో పాటల సాహిత్యం అచ్చేసిన కాగితం మడతపెట్టి ఇచ్చాం, ఆ మాట తగ్గింది. ‘పాట అప్పుడే అయిపోయిందా?’ అనేది మాత్రం ఇంకా వస్తానే ఉంది.